మంచం దిగకముందు తీసిన కొలత

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లకు పైగా నిలబడి పనిచేసిన ఎలీషబాను పాఠకులు మరిచిపోయి ఉండరు. ఎడమ కాలి నరాలు మెలికలు తిరిగి ఉబ్బి, చీలమండ దగ్గర పడ్డ పుండు ఐదు నెలలైనా మానకపోతే, ఆ ఊళ్లో అందరిలాగే ఆమె కూడా నెపం నీళ్ల మీదే వేసింది. ఫ్లోరైడు నీళ్లు తాగే చోట కాలు నొప్పికి ఇంకో కారణం ఎవరు వెతుకుతారు? చివరికి గిద్దలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కూతురు బ్లెస్సీ పట్టుబట్టి స్కానింగ్ చేయించింది. కట్లు కట్టి పుండు మాన్పించిన డాక్టరు, ఇక బతికినన్నాళ్లూ కాలికి బిగుతు మేజోళ్లు వేసుకోవాలన్నాడు. కొలతలు బ్లెస్సీయే తీసి మందుల షాపులో ఇచ్చింది. గురువారం రాత్రి మేజోళ్ల పెట్టె తెచ్చి తల్లి చేతికిచ్చి, శుక్రవారం తొలి బస్సుకే డ్యూటీకి వెళ్లిపోయింది. ఆ పొద్దున ఎలీషబా వేసుకోబోతే మేజోడు పిక్క మీద నిలవక పాత గుడ్డలా జారిపోయింది. పెట్టె అడుగున ఒక చీటీ దొరికింది. చేతిరాత బ్లెస్సీదే. కొలతలు మాత్రం ఎలీషబావి కావు.

శనివారం రాత్రికల్లా ఆ చీటీ ఆమెకు కంఠతా వచ్చేసింది.

"ఉదయం ఐదుంబావు. మంచం దిగకముందు. ఎడమ కాలు. చీలమండ పైన ఇరవయ్యారున్నర. పిక్క నలభై రెండు. చిటికెన వేలు లేదు, వేళ్లు బయటకుండే రకం కావాలి. షుగర్ ఉంది. స్పర్శ తక్కువ. తక్కువ ఒత్తిడి రకమే ఇవ్వాలి." చివరి మాట కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు.

ఎలీషబా బడికి పోయిన మనిషి కాదు. ఫ్యాక్టరీలో పక్కన పారేసిన విరిగిన పలకల మీద బలపంతో అక్షరాలు దిద్దుకుని, బైబిలు చదివేదాకా వచ్చింది. ఏది చదివినా వేలు పెట్టి ఒక్కొక్క మాట దగ్గర ఆగుతూ చదవడం అలవాటు. ఈ చీటీ మీద మాత్రం ఆ వేలు ప్రతిసారీ ఒకే చోట ఆగిపోయింది. చిటికెన వేలు లేదు. అక్కడి నుంచి కిందికి దిగనంటుంది.

ఎడమ కాలికి చిటికెన వేలు లేని మనిషి ఆమె ఎరుకలో ఒక్కతే. అక్క సువార్త. ఆ వేలు పోయింది కూడా తన వల్లేనని ఎలీషబా ముప్పై ఐదేళ్లుగా మోస్తున్న బరువు. కోసిన రాతి పలకల్ని ఒక చెక్క మీద పేర్చి, ముందొకరు వెనకొకరు పట్టుకుని మోసేవాళ్లు ఆ రోజుల్లో. ఆ పొద్దున ముందు కొస ఎలీషబా చేతుల్లో ఉంది. వెనక కొస సంజీవరావు పట్టుకున్నాడు. అప్పటికింకా అతను ఆమె భర్త కాడు, పనిలో చేరి నెల కూడా కాలేదు. నడుస్తుండగా చెక్క ఒరిగింది. పలకలన్నీ పక్కన కూర్చుని ఏరుతున్న అక్క పాదం మీద పడ్డాయి. నా చేయి జారిందని ఎలీషబా మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆ ఏడుపు ఆపడానికి రోజూ ఇంటికొచ్చిన సంజీవరావునే ఏడాది తిరక్కుండా పెళ్లి చేసుకుంది.

ఆ అక్క చనిపోయి నాలుగేళ్లు దాటింది.

కరోనా రెండోసారి ఊళ్ల మీద పడ్డ ఏడు. సువార్త హైదరాబాదులో ఒక హాస్టల్లో వంట చేసేది. ఆసుపత్రిలో చేర్చారని కబురొస్తే సంజీవరావే లారీ పట్టుకుని వెళ్లాడు. తొమ్మిది రోజులకు ఒక బట్టల మూట, అట్ట ఊడిన బైబిలు తీసుకుని వచ్చి గడపలో కూలబడ్డాడు. "మనిషిని చూడనీలేదు ఎలీషబా. వాళ్లే పూడ్చినారు" అన్నాడు. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లల్లో అలా జరగలేదు? అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

అక్క పోయినందుకు ఏడ్చిన ఏడుపు ఒకటైతే, అక్కతో అన్న చివరి మాటకు ఏడ్చిన ఏడుపు ఇంకొకటి. హైదరాబాదు బస్సు మెట్టు మీద కాలు పెట్టిన సువార్త వెనక్కి తిరిగి, "ఆ కాలేసుకుని ఇంకా ఎన్నాళ్లు నిలబడతావే, పని మానుకో" అంది. ఆ రోజు ఎలీషబాకు ఏం పట్టిందో, "మొగుణ్ణి నిలుపుకోలేనిదానివి, నువ్వా నాకు చెప్పేది" అనేసింది. బస్సు కదిలింది. అంతే. అప్పటి నుంచి ఎవరు బస్సెక్కుతున్నా ఎలీషబా నోరు అదుపులో పెట్టుకుంటుంది. పాలవాడికి కూడా మంచి మాటే చెప్పి పంపుతుంది.

ప్రతి మే నెలలో అక్క పేరు మీద జ్ఞాపకార్థ కూడిక పెట్టేది. ఇప్పటికి నాలుగు పెట్టింది. పాస్టరుగారు ప్రార్థన చేసేవారు. ఎలీషబా లేచి నిలబడి, బస్సు దగ్గర తానన్న మాట సంఘమంతా వింటుండగా ఒప్పుకుని ఏడ్చేది. సంజీవరావు తల వంచుకుని కూర్చునేవాడు. బ్లెస్సీ పక్కన నిలబడి తల్లి వీపు నిమిరేది.

ఇప్పుడు ఆ బ్లెస్సీ చేతిరాతలోనే, పదిహేను రోజుల కిందటి తేదీతో, అక్క పాదం చీటీ మీద ఉంది.

తేదీ కంటే ఆ వేళే ఎలీషబాను ఎక్కువ కోసింది. మేజోళ్లకు కొలత తీయడం ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు. రాత్రంతా పడుకున్న కాలికి వాపు దిగి ఉంటుంది. మనిషి లేచి నాలుగడుగులు వేస్తే మళ్లీ నీరు చేరి కొలత తప్పుతుంది. అందుకే కళ్లు తెరిచీ తెరవగానే, పాదం నేలకు ఆనకముందే టేపు పెట్టాలి. అంటే కొలిచే మనిషి ఆ ఇంట్లోనే పడుకుని లేవాలి. గిద్దలూరు హాస్టల్లో ఉంటున్నానని చెప్పే కూతురు ఎవరింట్లో పడుకుని లేస్తోంది?

ఫోన్ చేసి అడగవచ్చు. ఫోన్లో ముఖం కనిపించదు. అదీగాక, కాదంటుందేమోనని భయం. కాదంటే అక్క రెండోసారి చచ్చిపోతుంది. సంజీవరావును అడుగుదామంటే, తమ్ముడు సత్యానందం ఇంటి కప్పు పని ఉందని శుక్రవారం మధ్యాహ్నమే దర్శికి వెళ్లాడు. ఎలీషబా చీటీని బైబిలులో పెట్టుకుని కూతురి కోసం కాచుకుంది.

శనివారం చీకటి పడే వేళకు బ్లెస్సీ వచ్చింది. కంభంలో బస్సు ఆగినప్పుడు కొన్న సీతాఫలాల సంచి గట్టు మీద పెట్టి, "వరసగా రెండు డ్యూటీలు చేసి అట్నుంచి అటే బస్సెక్కినా అమ్మా, కళ్లు పడిపోతన్నాయి" అంది. "సాక్సులు వేసుకుంటన్నావా?"

"నాకు సరిగా రావడంలే. రేపు పొద్దున నువ్వే వెయ్యి."

"సరే. నేను వచ్చేదాకా మంచం దిగొద్దు మరి."

"దిగను" అంది ఎలీషబా.

ఆదివారం తెల్లవారుజామున, బయట చర్చి మైకు ఇంకా మొదలుకాకముందే, బ్లెస్సీ చేతులకు రబ్బరు గ్లౌజులు తొడుక్కుని మంచం కొసన కూర్చుంది. గోరు తగిలితే మేజోడు దారం తెగుతుందని, రబ్బరుకైతే బట్ట పట్టు దొరుకుతుందని ఆమె చెప్పిన చిట్కాయే అది. తల్లి కాలు దిండు మీద ఎత్తుగా ఉంది. మానిన పుండు చోట చర్మం తేనె రంగులో మెరుస్తోంది. బ్లెస్సీ దాని మీద వేలితో మెత్తగా నొక్కి చూసి, కాలంతా పౌడర్ అద్దింది.

"బాగా తగ్గింది వాపు. పెట్టె ఇయ్యమ్మా."

పెట్టె ఎలీషబా ఒళ్లో ఉంది. రెండు చేతులూ దాని మీద ఉన్నాయి.

"ఇస్తా. నీ చెయ్యి ఎంత మెత్తగా తిరిగిందే. ఆసుపత్రిలో రోజూ వేస్తావా ఇట్ల?"

"పేషెంట్లు వచ్చినప్పుడు వేస్తాలే."

"కొలతలు కూడా తీస్తావా, వాళ్లు మంచం దిగకముందు?"

"వార్డులో ఉన్నోళ్లకు తీస్తా. ఏందమ్మా పొద్దున్నే ఇంటర్వ్యూ?"

బ్లెస్సీ నవ్వింది. ఎలీషబా నవ్వలేదు.

"మీ పెద్దమ్మకు కూడా నువ్వే వేస్తావా?"

పౌడర్ డబ్బా మూత బ్లెస్సీ వేళ్ల మధ్య నుంచి జారి మంచం కిందికి దొర్లింది. దాన్ని తీయడానికన్నట్టు ఆమె వంగింది. కిందినుంచే అడిగింది.

"ఏ పెద్దమ్మ?"

"నీకు ఎంతమంది పెద్దమ్మలున్నారు?"

"అమ్మా, పెద్దమ్మ..."

"ఆఁ, చెప్పు. చచ్చిపోయిందని చెప్పు. నా కాలు దగ్గరే ఉన్నావు కదా. పట్టుకుని చెప్పు."

బ్లెస్సీ లేచింది. గ్లౌజులున్న చేతులు రెండూ గాల్లో ఉండిపోయాయి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.  ఆ చేతులు తన కాలిని ముట్టకపోవడంతోనే ఎలీషబాకు తెలిసిపోయింది. అక్క బతికే ఉంది. సంతోషం రావాలి. రెండు రోజులుగా తనలో తాను అనుకుంటూనే ఉంది, నిజమైతే మోకాళ్ల మీద పడి స్తోత్రం చెప్పాలని. ఇప్పుడు చూస్తే గుండెలో అలాంటిదేమీ లేదు. ఖాళీ ఇంట్లో ఎవరో తలుపు వేసినట్టు ఒక చప్పుడు.

"ఎన్నాళ్లయింది నీకు తెలిసి?"

"ఏడాదిన్నర."

"ఎట్ల తెలిసింది?"

"నేను డ్యూటీలో చేరిన కొత్తల్లో కాలి పుండుతో ఒకామె వచ్చింది. మాస్కు పెట్టుకునుంది. పేరు కూడా వేరే ఏదో రాయించింది. నేను కట్టు విప్పినా. వేలు లేదు. మొకం చూడకముందే నాకు తెలిసిపోయిందమ్మా."

"తెలిసినాక?"

"పట్టుకుని ఏడ్చినా. బైబిలు మీద చెయ్యి పెట్టించుకుంది. మీ అమ్మకు నేను చచ్చినదాన్నే, అట్లనే ఉండనీ అనింది."

"నువ్వు ఉండనిచ్చినావు."

"చెప్తే మళ్లీ యాడికైనా పోతానంది. ఒంటి మనిషి. కళ్లు కూడా సరిగా కనపడవు. నేను ఆడనే ఉంటన్నా, రాచర్ల రోడ్డులో పెద్దమ్మ ఇంట్లో. హాస్టలు లేదు, ఏం లేదు."

"పోయిన మే నెల కూడికకు మటన్ ఎవరు తెచ్చినారు?"

బ్లెస్సీ తల ఎత్తలేదు. "నేనే."

"పొద్దున ఆమె చేతి కాఫీ తాగి, బస్సెక్కి వచ్చి, మధ్యాహ్నం ఆమె పేరు మీద అన్నం తిన్నావు. నేను నిలబడి ఏడుస్తంటే వీపు నిమిరినావు."

"ఆ రోజు నాకు ముద్ద దిగలేదమ్మా."

"దిగింది. రెండోసారి కూడా పెట్టించుకున్నావు. వడ్డించింది నేనే."

ఆ మాటకు బ్లెస్సీ ఏడ్చేసింది. చేతుల గ్లౌజులతోనే కళ్లు తుడుచుకుంటే ముఖమంతా పౌడర్ అంటుకుంది. ఇంకో రోజైతే తల్లి కొంగుతో తుడిచి ఉండేది. ఎలీషబా చేతులు పెట్టె మీద నుంచి కదలలేదు. ఈ పిల్ల పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది సువార్తే. బొడ్డు ఊడేదాకా నీళ్లు పోసింది సువార్తే. ఆ ఇద్దరూ కలిసి తనను బయట నిలబెట్టి తలుపు గడియ పెట్టుకున్నారు. ఏడాదిన్నర పాటు లోపల దీపం పెట్టుకుని అన్నాలు తిన్నారు.

"నీకు ఏడాదిన్నర" అంది ఎలీషబా. "మరి మీ నాయనకు?"

"నాయన్ను నువ్వే అడుగు."

"నిన్నే అడుగుతున్నా. లారీ ఎక్కి పోయినాడే, ఆ రోజు నుంచా?"

బ్లెస్సీ అవునని తల ఊపింది. "పెద్దమ్మ ఆసుపత్రిలో కనపడిన మర్నాడు టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఎవరో వార్డులోకి వచ్చినారు. చూస్తే నాయన. నన్ను చూసి క్యారియర్ ఆడనే పెట్టి వెళ్లిపోయినాడు. మళ్లీ మాట్లాడింది వారానికి. అప్పుడు కూడా ఒకటే మాట, మీ అమ్మకు చెప్పొద్దని."

ఎలీషబా గోడకు ఆనుకుంది. బట్టల మూట తెచ్చి గడపలో కూలబడ్డ మనిషి కళ్లముందుకొచ్చాడు. ఆ రోజు అతని కళ్లల్లో నీళ్లు ఉన్నాయి. అవి ఎవరి కోసమో, ఎందుకోసమో. తాను చెంబుతో నీళ్లిచ్చి, అతని తల పట్టుకుని, నువ్వు వెళ్లబట్టి మా అక్కకు చివర్లో మనవాళ్లంటూ ఒకరున్నారు అని అతన్నే ఓదార్చింది.

"నీకెవరు చెప్పినారమ్మా?" అడిగింది బ్లెస్సీ. "నాయనా?"

"మీ నాయన ఎందుకు చెప్తాడు. నువ్వే చెప్పినావు."

బైబిలు తెరిచి చీటీ తీసి కూతురి ఒళ్లోకి విసిరింది ఎలీషబా. దొరికిపోయినందుకు ఇంకా ఏడుస్తుంది, కాళ్ల మీద పడుతుంది అనుకుంది. బ్లెస్సీ ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. చీటీని ఒకసారి చూసి, తల్లి ఒళ్లోంచి పెట్టె లాక్కుని, మేజోడు బయటకు తీసి అంచు మీద కుట్టిన గుర్తు చదివింది.

"ఇది పెద్దమ్మది."

"అదే కదా నేను చెప్తన్నది."

"కాదమ్మా. ఇది ఇక్కడుందంటే, నీది ఆడికి పోయింది. రెండు పెట్టెలూ ఒకటే రంగు. చీటీలు లోపల పెట్టి మూసినారు షాపులో. చీకట్లో తీసి నీకిచ్చినా, రెండోది పెద్దమ్మ మంచం మీద పెట్టి డ్యూటీకి పోయినా." ఆమె మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "నీది గట్టిదమ్మా. సైజు కూడా చిన్నది."

"గట్టిదైతే ఏమైతది?"

"నీ కాల్లోకి రక్తం బాగానే దిగుతది, పైకి ఎక్కడానికే కష్టం. అందుకని గట్టిగా నొక్కాల. పెద్దమ్మకు షుగరుతో కిందికి దిగే రక్తమే తక్కువ. ఆమెకు ఏదో వాపు వరకు మెత్తటివి ఇయ్యమన్నాడు డాక్టరు. గట్టిగా నొక్కితే ఆ దిగే కాస్తా దిగదు. వేళ్లు చచ్చిపోతాయమ్మా."

"నొప్పి పుడితే తీసేస్తది కదా."

"పుట్టదు. ఆమె నిప్పు మీద కాలు పెట్టినా తెలీదు."

స్పర్శ తక్కువ. తక్కువ ఒత్తిడి రకమే ఇవ్వాలి. కింద రెండు ఎర్ర గీతలు. ఎలీషబా ఆ మాటలు ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. చదివింది గానీ వేలు అక్కడికి దిగలేదు. శుక్రవారం పొద్దున ఒక్క ఫోన్ చేసి, ఈ చీటీ ఏందే అని అరిచి ఉన్నా సరిపోయేది. కూతురి ముఖం చూసి నిలదీయాలని రెండు రోజులు కడుపులో పెట్టుకుని కూర్చుంది. వాళ్లు తనకు చేసింది ఒక పక్క, ఇది ఒక పక్క. ఏది ఎక్కువ బరువో తూచుకునే వ్యవధి లేదు.

"ఫోన్ చెయ్యి" అంది.

బ్లెస్సీ స్పీకర్ పెట్టి మంచం మీద పెట్టింది. మోగింది, మోగింది. ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తారు.

"ఏందే ఇంత పొద్దున్నే?"

అదే గొంతు. కొంచెం బొంగురు పోయింది. మాట చివర సాగదీయడం పోలేదు. ఎలీషబా దుప్పటి అంచు పట్టుకుంది.

"పెద్దమ్మా, సాక్సులు వేసుకున్నావా?"

"శుక్రవారం సాయంత్రమే ఎక్కించినాడులే మీ నాయన. ఎంత బిగుతే, ఇద్దరికీ చెమటలు పట్టినాయి. బిగుతుంటేనే పని చేస్తాయంట కదా, మీ అమ్మకు నువ్వు చెప్తంటే విన్నాడంట. తీస్తే మళ్లీ ఎక్కవని తీయనీలేదు నన్ను."

మీ అమ్మకు. పక్కింటామె గురించి చెప్పినట్టు చెప్పింది.

"రెండు రాత్రులూ వాటితోనే పడుకున్నావా?"

"నొప్పేం లేదు, బానే ఉండాయి."

బ్లెస్సీ కళ్లు మూసుకుని తెరిచింది. "వేళ్లు చూడు పెద్దమ్మా. ఏ రంగులో ఉండాయి?"

"నా కళ్లకు ఏం కనపడతాయే. ఉండు, లైటేసి చూడమంటా."

అటు వైపు ఎవరో లేచారు. దగ్గు వినిపించింది. రెండు పొట్టిగా, ఒకటి పొడుగ్గా. రాయి కోసే మిషను దగ్గర ఏళ్ల తరబడి దుమ్ము పీల్చిన మనిషి దగ్గు. ముప్పై నాలుగేళ్లుగా ఎలీషబా పక్కన పడుకుని దగ్గే దగ్గు. ఈ వేళ దర్శిలో ఉండాల్సిన దగ్గు.

స్విచ్చు చప్పుడైంది. "నల్లగా అయినాయే వేళ్లు" అన్నాడు సంజీవరావు. "నిన్న ఇట్ల లేవే."

ఎలీషబా చెయ్యి చాపింది. వద్దన్నట్టు చూసింది బ్లెస్సీ. ఆ చెయ్యి అలాగే ఉంది. బ్లెస్సీ ఫోన్ ఇచ్చేసింది.

"ఏమయ్యా."

అటు దగ్గు సగంలో ఆగిపోయింది.

"నేనే. ఫోన్ పెట్టొద్దు. చెప్పింది చెయ్యి."

"ఎలీషబా, నేను..."

"అది తర్వాత. మోకాలి కింద అంచు పట్టుకో. చుట్టుకుంటా దించొద్దు, చుట్టిన చోట తాడు మాదిరి బిగుస్తది. లోపలి వైపు బయటకు తిప్పుకుంటా దించు. మెల్లిగా. గోరు తగిలినా ఆమెకు తెలీదు, నువ్వే చూసుకోవాల."

ఆమె గొంతు ఎంత మామూలుగా ఉందంటే, బ్లెస్సీ ఆశ్చర్యపోయి చూసింది. బియ్యం ఎంత పోయాలో చెప్పినట్టు చెబుతోంది.

"మడమ దగ్గర ఆగిపోయింది. రాలే. వాచిపోయింది."

"కత్తిరించమనమ్మా" అంది బ్లెస్సీ.

"కత్తెర తీసుకో. లోపల రెండు వేళ్లు పెట్టి చర్మం ఎడం చేసుకుని కొయ్యి. కొత్తవని చూడొద్దు."

బట్ట తెగుతున్న చప్పుడు ఫోన్లో వినిపించింది. ఎలీషబా కోసం కొలిచి తెప్పించిన మేజోడు అది. అక్క కాలి మీద ఆమె భర్త చేతుల్లో ముక్కలవుతోంది.

"కాలు ఎత్తులో పెట్టొద్దు, సమంగా పడుకోబెట్టాల. రుద్దొద్దు. వేడినీళ్లు పొయ్యొద్దు. ఆటో ఎక్కించి మా ఆసుపత్రికి తీసకపొమ్మను, నేను డాక్టరుకు ఫోన్ చేస్తన్నా" అంటూ బ్లెస్సీ గట్టు మీదున్న తల్లి ఫోన్ అందుకుని, ఆటో కోసం వీధిలోకి పరుగెత్తింది. ఎలీషబా ఆ మాటలన్నీ ఒక్కటీ పోకుండా అటు అప్పజెప్పింది.

"రంగు మారిందా?"

"బొటనవేలు కొంచెం మారినట్టుంది. మిగతావి తెలీడంలే."

"ఆటో పిలువు. నేను వస్తన్నా."

"నువ్వు రావద్దు ఎలీషబా."

"నాలుగు కూడికలు పెట్టింది నేను. నేనే వస్తా."

అటు ఏదో గుసగుస. ఫోన్ చేతులు మారింది.

"ఎలీ."

ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో ఒక్కతే. నాలుగేళ్లుగా సంఘం ముందు నిలబడి చెప్పిన క్షమాపణ ఎలీషబా నాలుక మీదే ఉంది. ఎప్పుడైనా ఎక్కడైనా అక్క ఎదురుపడితే ముందు అదే చెప్పాలని కలల్లో కూడా అనుకునేది. ఇప్పుడు అది రాలేదు.

"ఏడుస్తన్నావా?"

"లేదు."

"కూడికల్లో ఏడ్చినావంట కదా. బ్లెస్సీ చెప్పింది. ఆ బస్సు మాట నేను ఊరు దాటేలోపే మరిచిపోయినా ఎలీ. దానికి అలిగి పోయినానని నువ్వు అనుకుంటన్నావని తెలిసి..." ఆమె ఆగింది.

"మరి ఎందుకు చచ్చిపోయినావు అక్కా?"

 దూరం నుంచి సంజీవరావు గొంతు వచ్చింది. "వద్దు సువార్తా."

పెళ్లయిన నాటి నుంచి ఎలీషబా వింటున్న పిలుపు వదినా అనే. పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి విన్నది.

"ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సిందేగా" అంది సువార్త. ఆ మాట ఎవరితో అన్నదో తెలియలేదు. "ఆసుపత్రిలో నేనింక బతకనని మీ ఆయన నాకు ఒకటి చెప్పుకున్నాడు ఎలీ. చెప్పినాక నేను బతికినా. అది కడుపులో పెట్టుకుని నీ మొకం చూడలేనని రాలేదు. నువ్వు చూస్తే నీకు ఇట్టే తెలిసిపోతది."

"ఏం చెప్పినాడు?"

"నా వేలు తెగిన రోజు పలకలు జారింది నీ చేతిలో కాదు. నువ్వు పట్టుకునే ఉన్నావు. వెనక కొస వదిలేసినాడు. నేను పక్కనే ఉన్నది చూసే, కావాలని వదిలేసినాడు."

బయట ఆటో వచ్చి ఆగింది. బ్లెస్సీ క్రేప్ కట్టు చుట్ట పట్టుకుని లోపలికి పరుగెత్తుకొచ్చింది. "బస్టాండుకు పోదామమ్మా, ఫస్ట్ బస్సు ఇంకా కదల్లేదంట. ఉండు, మంచం దిగొద్దు, కట్టు కట్టాల..."

ఎలీషబా అప్పటికే రెండు కాళ్లూ నేల మీద పెట్టి నిలబడి ఉంది.